లీవర్ ఏడు

రెండు దీపాలు పచ్చగా.
మూడోది వెలగడం లేదు.
ముప్పై ఏళ్లు రైల్వే సిగ్నల్ కేబిన్‌లో కూర్చున్న రోస్‌విథాకి
దీపాలేం కొత్త కాదు,
ఈ అరచేతి పెట్టెవే లొంగడం లేదు.

హార్జ్ కొండల్లో నవంబరు.
కురిసేది మంచో వానో ఇంకా తేలలేదు.
పాత మోడెమ్‌ని పొద్దున్నే బ్రిడ్జిలో పెట్టింది.
అంటే దాని బుర్ర తీసేసినట్టే.
ఇక అది ఎవరికీ చిరునామాలు పంచదు,
గుమ్మంలో నిలబడి ఎవరని అడగదు,
రాగి తీగలో వచ్చింది వచ్చినట్టు
పక్కనున్న కొత్త రౌటర్‌కి అప్పజెప్పేస్తుంది.
బండి ఆగని స్టేషనన్నమాట.
పచ్చజెండా చూపించి, కళ్లలో ఇంత దుమ్ము పడనిచ్చి
రిజిస్టర్లో టైం రాసుకోవడం.
ఆ పని ఆమెకి తెలుసు.

తెలుసు గానీ, బండి రాలేదు.

లైను బాగానే ఉంది.
రౌటరే పిలుస్తోంది, పేరు చెప్పి, పాస్‌వర్డ్ చెప్పి,
అవతల ఎవరూ పలకరు.
గడువు దాటింది, గడువు దాటింది అని
లాగ్‌లో పదకొండు సార్లు.
కేబుల్ మార్చింది.
పాస్‌వర్డ్‌లో ఉన్నది సున్నానా, ఓ అక్షరమా అని
భూతద్దం పెట్టి చూసింది.
పోనీ మోడెమ్‌నే అడుగుదామంటే
బుర్ర పోయాక అది పాత చిరునామాలో లేదు.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయాలి.
ఫోనూ ఆ తీగలోంచే.
కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది.

కోటు తగిలించుకుని చర్చి వెనక సమాధుల గట్టెక్కింది,
ఊళ్లో సెల్ అందేది అక్కడే.
తనతో పదేళ్లు మాట్లాడని స్టేషన్ మాస్టర్
వెండెలిన్ రాతి మీద మోచేయి ఆనించి
పంతొమ్మిది నిమిషాలు వాయిద్యం విన్నాక
ఒక కుర్ర గొంతు:
"ఏడో నంబరు ట్యాగ్ పెట్టారా?
మా దగ్గర అన్నీ ఏడు మీదే నడుస్తాయి.
ఇన్నాళ్లూ మోడెమే తగిలించేది.
ఇప్పుడు మీ రౌటర్ తగిలించాలి."

ఏడు.
రోస్‌విథా రాయి వంక చూసింది.
ఏడో లీవర్. తుప్పుది,
లాగాలంటే రెండు చేతులూ ఒక కాలూ కావాలి.
ఒక రాత్రి అది మర్చిపోయి
ఎక్స్‌ప్రెస్‌ని నాలుగు నిమిషాలు నిలబెట్టినందుకే కదా
ఈయన మాట మానేసింది.

"మళ్లీ అదే, వెండెలిన్," అంది. "నువ్వేం అనకు."

ఇంటికొచ్చి, తడి కోటుతోనే
ఖాళీ గడిలో ఏడు కొట్టింది.
మూడో దీపం తడబడింది, ఆగింది, తడబడింది,
నిలిచింది.
ఆ వెంటనే ఫోను మోగింది,
ఎవరో సోలార్ పలకలు అమ్మేవాడు.
"ఉండు నాయనా," అని రిసీవర్ పక్కన పెట్టి
కరెంటు బిల్లు వెనక రాసుకుంది:

పదహారు గంటల యాభై రెండు. బండి దాటింది.
ఆలస్యానికి కారణం, లీవర్ ఏడు.