ఎర్రగడ్డ

పద్యం రాసినాయన
“కన్నీరు మున్నీరుగా” అని రాసిపెట్టి పోయినాడు.
అది యాడనుంచి తేవాలో రాయలేదు.
ఆ పని నాది.

నలభై ఏండ్లు.
అర్దళం, కొబ్బరినూనె, కాటుక,
తగరపు పెట్టె, మూల పగిలిన అద్దం.
మీసం అంటిస్తే రాజు,
పెరికితే కోడుమూరు బస్టాండులో టీ కొట్టు శీనడు.
తల్లి వేషం కట్టే దస్తగిరమ్మకు మాత్రం
మూడో అంకం ముందర
ఎర్రగడ్డ సగానికి కోసి
కొంగు కొసన ముడేసి ఇచ్చేవాణ్ణి.

బిడ్డ మీద వంగి ఆ కొంగు కండ్లకద్దుకుంటే
జనాల్లో ముక్కు చీదని వాడు లేడు.
ఒకసారి గూడూరులో
బందోబస్తుకొచ్చిన పోలీసాయన
టోపీ తీసి ముఖం దాచుకున్నాడు.
నాకు లోలోపల నవ్వొచ్చేది,
ఊరు ఊరంతా అర్ధరూపాయి గడ్డకు ఏడ్చెనే అని.
ఆ నవ్వు ఎంతోసేపు నిలిచేది కాదు.
తెర సందులోంచి చూస్తా చూస్తా
నా ముక్కు కూడా కారేది.
నా భుజం మీది తువ్వాలులో ఏ గడ్డా లేదే!

ఆ యేడు ఆమె తమ్ముడు ఉరుకుందప్ప
కర్నూలు యార్డుకు అరవై బస్తాలు తోలినాడు.
మూడు దినాలు బస్తాల మీదే పండుకున్నాడు.
నాలుగో దినం పాట పాడినారు.
అదీ పాటే, వేలంపాట.
వన్స్ మోర్ అనేవాడు లేడు.
లారీ బాడుగ, హమాలీ, గోనెసంచుల ఖర్చు
అన్నీ లెక్కేస్తే
వాడే ఎదురు బాకీ.
పోయినకాడికి ఇచ్చి, మిగిలింది
హంద్రి ఒడ్డున కుమ్మరించినాడు.
గొర్రెలు వాసన చూసి తల తిప్పుకున్నాయి.
ఒక్క బస్తా మాత్రం భుజానికెత్తుకొని
నేరుగా మా టెంటు వెనక్కి వచ్చినాడు.
“మౌలాలన్నా, ఆటాటకు కొంటాండావంట గదా,
ఇంద. ఈ జన్మకు సరిపోతాయి.”

రసాలు తొమ్మిదని బడిపంతులు చెప్తాడు.
నా పెట్టెలో డబ్బాలు అయిదే,
కలిపి కలిపి తొమ్మిది చేసేవాణ్ణి.
కోపమంటే ఎరుపు,
భయమంటే కండ్ల కింద నలుపు,
దిగులుకు బుగ్గల మీద రెండు గీతలు.
ఆ పొద్దు ఉరుకుందప్ప ముఖానికి
ఏ డబ్బా మూత తీయాలో తెలియలేదు.
సున్నం రాలిపోయినాక గోడలో మట్టి కనపడతాదే,
అట్లుండె.

ఆ రాత్రి కూడా గడ్డ కోసి ఇచ్చినా.
దస్తగిరమ్మ ముడి విప్పి
నా పెట్టెలోనే పెట్టి పోయింది.
బిడ్డ మీద వంగలేదు. నిలబడింది.
పద్యం సగంలో ఆగింది.
హార్మోనియం ఆయన వేళ్లు
అదే మెట్టు మీద తచ్చాడి తచ్చాడి అలిసిపోయినాయి.
ఎవడో ఈలేసినాడు.
ముందర చాప మీద కూచున్న ముసలామె
“ఉండండ్రా, ఆయమ్మకేందో అయింది” అనింది.
అంతే. తెర దించినాము.

కాంట్రాక్టరు రెండొందలు కోసినాడు.
“ఏడుపు పండలేదు” అన్నాడు.

పొద్దున్నే వాళ్లింట్లో ఉగ్గాని.
తిని పోదువులే అని నన్నూ కూచోబెట్టినారు.
బొరుగులు నానతాండాయి.
దస్తగిరమ్మ పీట ముందరేసుకొని గడ్డలు కోస్తాంది.
ముగ్గురికి మూడు చాలు.
ఎనిమిదోది తెగినా కత్తి ఆగలేదు.
కండ్లల్లోనుంచి గదవ దాకా ధార.

“ఏందక్కా?” అన్నాడు తమ్ముడు.
“ఏం లేదురా. గడ్డ ఘాటు.”
“మన చేని గడ్డ గదా, ఘాటు ఉంటాది”
అన్నాడు వాడు,
ఎన్నాళ్లకో కొంచెం గొప్పగా.
అని, మెల్లగా జరిగి వచ్చి
తాను కూడా ఒక గడ్డ చేతికి తీసుకున్నాడు,
మూల నుంచి తుప్పు పట్టిన కొడవలి లాక్కొని.

నేనూ చేయి చాపినా.
ఆ ఇంట్లో ఇంకో కత్తి లేదు.
పచ్చికట్టెల పొయ్యి పొగలేస్తాంది గదా అని
దాని పక్కకు జరిగి కూచున్నా.