బుల్లి చెంచా

వల్పరైసో రేవులో
నలభై మందికి చేపల పులుసు కాచే నెలిడా
ఆపరేషనైన ఆర్నెల్లకి కూడా
సాసర్లోనే తింటోంది,
మనవరాలి బుల్లి చెంచాతో.

ముందు గుడ్డు. తక్కినవి చోటుంటేనే.
ముద్దకి ఇరవైసార్లు నమలాలి;
పదిహేడు దగ్గర ఓడ కూతేస్తే
లెక్క మళ్ళీ మొదటికి.
నీళ్ళు అరగంటాగి.

ఆకలి రుచెరగదంటారు.
ఈమెకి రుచులన్నీ గుర్తే,
ఆకలే ఇల్లు మారింది.
అయినా రొట్టెల కొట్టు ముందు
కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి.

కొండమీది ఇంటికి నూట పన్నెండు మెట్లు.
నిన్న మధ్యలో కూర్చోలేదు.
పైకెక్కి, అలవాటుగా
తలుపులోంచి పక్కకి తిరిగి దూరింది.
రెండు వైపులా మిగిలిన ఖాళీని చూసి
కాసేపు గడపలోనే నిలబడింది,
వెంట రావలసిన మనిషెవరో
వెనక ఇంకా మెట్లెక్కుతున్నట్టు.