ఎడమ చెయ్యి

కాలేజీలో రబ్బరు చెయ్యి ఎప్పుడూ మంచిదే.
ఎన్నిసార్లు గుచ్చినా ఉలకదు,
అడిగినప్పుడల్లా
ఎర్రరంగు నీళ్ళు ఇస్తుంది.
దాని దగ్గర నాకు పదికి పది.

గ్రిమ్స్‌బీలో, ఆరో వార్డులో, పొద్దున్న ఏడుంబావుకి
మిసెస్ డోరీన్ ప్లాస్కిట్ కుడి చెయ్యి
దుప్పటి మీద వెల్లకిలా పడుంది.
డెబ్భై తొమ్మిదేళ్ళ చర్మం, ఉల్లిపొర.
కింద నీలంగా ఓ గీత. అదే అనుకున్నాను.
గుచ్చాను.
అప్పిచ్చినవాడు ఎదురైనట్టు
అది పక్కసందులోకి తప్పుకుంది.

రెండోసారి.
సీసాలో చుక్క లేదు.
చర్మం కింద మాత్రం నేరేడుపండు మరక
తీరిగ్గా పరుచుకుంటోంది.

రెండుసార్లే. మూడోది నీది కాదు, ఇక్కడి నియమం.
నరం దొరకట్లేదని తెలుగులో అనుకుని
ఇంగ్లీషులో క్షమాపణ చెప్పాను.

ఆవిడ బొటనవేలు చూపించింది.
అడ్డంగా తెల్లటి గాటు.
"రేవులో నా మొదటి వారం. హాడక్ చేప.
కత్తినే చూస్తూ కోశాను.
చేపని చూడాలి, పిల్లా."
నలభై ఏళ్ళు ఐసునీళ్ళలో ముళ్ళు తీసిన వేళ్ళు.

సిస్టర్ మారివిక్ వచ్చింది. చేతివైపు చూడనైనా లేదు.
కిటికీకేసి తిరిగి వాన గురించి మాట్లాడుతూ
మోచేతి మడతలో వేలితో తడిమింది,
చిలకలు చుట్టే మనిషి
ఆకు తిప్పకుండానే ఈనె పట్టుకున్నట్టు.
ఒకే పోటు. సీసా నిండింది.
నాకు మిగిలింది దూది నొక్కిపట్టడం.
ఐదు నిమిషాలు నొక్కాను. రెండు చాలునట.
లాగ్‌బుక్కులో ఆ గడి ఖాళీ.

రాత్రి అద్దెగదిలో దీపం ఆర్పేసి
నా చెయ్యి నేనే వెతుక్కున్నాను,
అన్నం మెతుకు పట్టిచూసే ఆ రెండు వేళ్ళతోనే.
తాడులా బిగుసుకుంటే అది కాదు.
కొట్టుకుంటే అస్సలు కాదు, వదిలెయ్.
నొక్కితే అణిగి, వదిలితే లేస్తే
అదీ.
అలా ఎంతసేపో. కుక్కర్లో అన్నం చల్లారిపోయింది.

మర్నాడు మళ్ళీ రక్తం కావాలన్నారు.
మారివిక్ ట్రే అందుకోబోతుంటే
డోరీన్ దుప్పట్లోంచి ఎడమ చెయ్యి తీసి
నావైపు పెట్టింది.
"ఇది ఆ పిల్లకి దాచాను.
నిన్నంతా ఎవ్వర్నీ ముట్టనివ్వలేదు."

పట్టీ బిగించాను.
సూది ఇంకా ట్రేలోనే ఉంది.
బయట సముద్రపక్షులు గొడవ పడుతున్నాయి.
కళ్ళు మూసుకున్నాను.
వేలి కింద ఏదో
అణిగి,
లేచింది.