కత్తి తాకని తల

ఫీల్‌ఖానా మూలమీద నా మంగలి దుకాణం,
ఎదురుంగ ఉపాశ్రయం మెట్లు.
గిన్నెల సేటు బిడ్డ తారామణి
పందొమ్మిదేండ్లప్పుడు
పెండ్లిపిల్ల లెక్క ముస్తాబై ఆ మెట్లెక్కింది.
తల గొరగనీకి నన్ను పిలిచిన్రు.

బారెడు జడ. మల్లెలింకా వాడలే.
నా చెయ్యి వణుకుతుంటే పిల్లనే అన్నది:
"కాకా, నీళ్ళు శానా పొయ్యకు,
కింద ఏ పురుగు పాణం పోతదో."
నడినెత్తిన ఒక్క పిలక విడువమన్నరు.
దాన్ని గురువమ్మ చేత్తోటి పీకింది.
పిల్ల రెప్ప కొట్టలే.
నా కండ్లల్లనే నీళ్ళు తిరిగినయి.

ఆనాటి సంది ఆ తలకు కత్తి ఎరుక లేదు.
ఏడాదికి రెండుమార్లు బూడిద అద్దుకొని
వెంట్రుకలు వేళ్ళతోటి గుంజుకునుడేనట.
దినాం కత్తి నూరుకునేటోణ్ణి,
ఇదేం లెక్కనో నాకు తెల్వలే.

ముప్పయేండ్లకు తిరిగొచ్చింది
శమరేఖాశ్రీ మారాసాబ్ అయి,
పాలిటానా నుంచి ఉత్త కాళ్ళతోటి.
మడిమెలు ఎండకాలం మూసీ బురద లెక్క పగిలినయి.
వానల నాలుగు నెలలు ఇక్కడనే ఆగింది.
సేట్లు వంగి "మత్థేణ వందామి" అంటుంటే
నేను భుజం మీది తువ్వాల తీసి
దూరంగ నిలబడ్డ.
చూసింది.
"కాకా, చెయ్యి ఇంకా వణుకుతదా?"
"ఇప్పుడు ముసలితనానికి వణుకుతదమ్మా."
నవ్వింది. ధర్మలాభ్ అన్నది.
దాని అర్థం నేను ఎవర్నీ అడగలే.

దసరా దాటినంక అన్నం విడిచింది.
తర్వాత నీళ్ళు కూడా.
కూసున్న తీరుగనే పల్లకిల పెట్టిన్రు.
భుజం పట్టెటందుకు వేలంపాట:
ముందు కొమ్ము పదకొండు లక్షలు,
ఎనుక కొమ్ము తొమ్మిది.
పైసలన్ని గోశాలకట.
నేను షట్టరు సగం గుంజి
అద్దానికి బట్ట కప్పి నిలబడ్డ.
పాట పాడనీకి నా దగ్గర ఏమున్నది?

ఇప్పుడు గోడకు ఆమె ఫోటో, చందనం దండ.
పోయేటోళ్ళు వచ్చేటోళ్ళు మొక్కుతున్నరు.
నిన్న ఒక పడుసు సేటు వచ్చి
చెవిల మెల్లగ అడిగిండు:
"కాకా, ఆనాటి జడ దాసినవా?
వెండి డబ్బిల పెడతం. ఎంతంటే అంత."

కింద చూసిన.
పొద్దటి సంది గొరిగిన వెంట్రుకలు,
హమాలీవి, కాలేజీ పోరనివి, ఆటో ఖాజావి,
నలుపు తెలుపు కలిసి ఒకటే కుప్ప.
మూడు నెలల కిరాయి బాకీ యాదికొచ్చింది.
అబద్ధం నాలుక దాంక వచ్చి కూసున్నది.

"ఆనాడే ఊడ్చేసిన సేటూ" అన్న.
ఆయన నమ్మలేదనుకుంట.
చీపురు అందుకున్న.
కుప్పల నుంచి ఒక చీమ బయటికొచ్చి
గడప దిక్కు నడుస్తున్నది.
అది దాటేదాంక చీపురు లేపి పట్టుకున్న.
కుర్చీల సబ్బు నురగతోటి కూసున్న గిరాకీ
"ఏమాయె కాకా, నిద్రపోయినవా?" అని గునిసిండు.