ఎదురుగాలి

ఎనభై దిర్హాల సైకిలు.
అమ్మిపోయిన షఫీకుల్ నాకన్న జానెడు పొడుగు.
సీటు బోల్టు తుప్పుకు బిగుసుకపోయింది,
మునికాళ్ళ మీదనే తొక్కుత.

అజ్మాన్‌ల మా క్యాంపు సముద్రం దిక్కు,
జుర్ఫ్‌ల షెడ్డు ఇసుక దిక్కు.
తెల్లారగట్ల గాలి ఇసుకలకెల్లి ఎదురొస్తది,
పొద్దు వంగంగ సముద్రంలకెల్లి ఎదురొస్తది.
"నీ మొఖం జూసే లేస్తదిరా గాలి"
అంటడు పోశెట్టి.

మెరిసే జాకెట్ లేకుంటే జుర్మానా.
ఏసుకుంటే, లారీల లైట్లకు
రెండు పట్టీలే గాల్లె పోతుంటయి,
మనిషి కానరాడు.
పెద్ద రోడ్డు కాడ బ్రిడ్జి మెట్లు.
ఆడ సైకిలే నన్నెక్కుతది.

మొన్న నైట్ డ్యూటీ పడ్డది.
పొద్దు వంగంగ బయల్దేరిన.
అదే రోడ్డు, అదే గాలి
ఈపుల చెయ్యి పెట్టి నూకింది.
రౌండబౌట్ దాకా పెడల్ తొక్కలే.
తెల్లారి వాపస్ వస్తుంటె మళ్ళ నూకింది.

ఎదురుంగ పోశెట్టి.
తల వంచి, జాకెట్ టపటప కొట్టుకుంటుంటె
ఒక్కొక్క గజం గుంజుకుంట వస్తున్నడు.
బెల్లు కొట్టిన.
నాకన్న ముందు చప్పుడే వాన్ని చేరింది.
తలెత్తిండు,
నా కాళ్ళ దిక్కు చూసిండు,
అవి తొక్కుతలేవు.