సుద్దముక్క లెక్క

గ్రే మేర్ అని పేరు.
బోర్డు మీది గుర్రాన్ని చామరాజపేట పెయింటర్ వేశాడట.
మెళ్ళో పూసలు, నుదుట కుచ్చు,
పెళ్ళికొడుకు ఇంకా రాలేదేమని
రెస్ట్ హౌస్ రోడ్డు వానలో నిలబడి ఉంటుంది.

లోపల ఇంగ్లండు.
నల్లబడ్డ చెక్క, కాళ్ళు ఆనించుకునే ఇత్తడి కడ్డీ,
ఎవరికీ ఏమీ కాని దొరలు
నక్కని తరుముతున్న పటాలు.
వాటి కింద నుంచి మునెప్ప
ముళబాగిలు తెలుగులో
"ఏమక్కా, ఇట్ల నానిపోయొచ్చినావు" అంటాడు.
ఇంగ్లండు అక్కడితో సరి.

గురువారం గురువారం వస్తాను.
ఇన్సూరెన్స్ సర్వేయర్ని.
కాలిన గోడౌన్లలో, మునిగిన సెల్లార్లలో
పగలంతా పోయినదాని వెల రాస్తాను.
సాయంత్రం ఒక గ్లాసు నల్లబీరు.
మొదటి గుక్క దిగేదాకా
నా పేరు కూడా నాకు అక్కర్లేదు.
చేపా, బంగాళదుంప ముక్కలూ వస్తాయి,
ఉప్పు తప్ప మరో చుట్టం లేని వంట.
అడక్కుండానే మునెప్ప
చిన్న స్టీలు గిన్నెలో నాలుగు ఊరమిరపకాయలు పెడతాడు,
వాళ్ళమ్మ మిద్దె మీద ఎండబెట్టినవి.
బిల్లులో ఉండవు.

డార్ట్ బోర్డు పక్కన నల్లపలక.
పలక మీద పద్నాలుగు నెలలుగా ఒక అంకె.
దేవసహాయం గారిది.
రైల్వే పార్సిల్ ఆఫీసులో రిటైరైన మనిషి,
ఐదొందల ఒకటి నుంచి కిందికి దిగుతూ దిగుతూ
వాచీ చూసుకుని,
"చివరి బస్సు. మిగిలింది రేపు" అన్నాడు.
ఆ రేపటికి గుండె ఒప్పుకోలేదు.
పండగలకి గోడలకి సున్నం కొట్టారు,
పలక చుట్టూ కొట్టారు.

పోయిన గురువారం
కొత్తగా చేరిన బిపుల్, తేజ్‌పూర్ కుర్రాడు,
పనిమంతుడు,
తడిగుడ్డతో తుడిచేశాడు.

ఫ్యాన్ చప్పుడు అంత పెద్దదని
నాకు ఆ రోజే తెలిసింది.

ముప్పై రెండు, అంది కౌంటర్ వెనక నోరీన్ మేడం,
డబుల్ పదహారు కొడితే అయిపోయేది పాపం.
నలభై, అన్నాడు ముత్తణ్ణ,
ఆడింది నాతోనా నీతోనా?
పదిహేడక్కా, అన్నాడు మునెప్ప నా చెవిలో,
దినమూ దుమ్ము దులిపేది నేనే కదా.
కిటికీ దగ్గరి పిల్లలు, ఆయన్ని చూడనైనా చూడనివాళ్ళు,
తలా వంద పందెం కాశారు.
బిపుల్ గుడ్డని పిండుతూనే ఉన్నాడు,
నీళ్ళు అయిపోయినా.

అందరూ నా వైపు తిరిగారు.
నీ పనే కదా, తేల్చు.

పద్నాలుగు నెలలు
ఆ పలక ఎదురుగా కూర్చుని తిన్నాను.
అంకె ఉందని చూశాను.
ఎంతో చూడలేదు.
సంతకం పెట్టి చెప్పగలను, ఇది నా మొదటి తప్పుడు రిపోర్టు.

అప్పుడు బిపుల్ ఫోన్ తీశాడు.
చేరిన రోజు అక్కకి పంపిన ఫొటో,
కొత్త ఏప్రన్, మీసం లేని నవ్వు,
వెనకాల పలక.
తలలన్నీ ఒక్కచోట గుమిగూడాయి,
బీరు వాసన, వాన వాసన, ఎవరిదో కొబ్బరినూనె.
రెండు.
స్పష్టంగా రెండు.
దాని ముందు అంకె ఉందో లేదో
బిపుల్ కుడిచెవి వెనక ఉంది.

చూశారా, ముప్పై రెండే, అంది నోరీన్ మేడం.
కాదు, ఒట్టి రెండే, అన్నాడు ముత్తణ్ణ,
నలభైని అప్పుడే మరిచిపోయి,
డబుల్ ఒకటి దగ్గర ఇరుక్కుని
మూడు గురువారాలు బస్సు వంక పెట్టాడు ముసలాడు!
ముందు ఆయనే నవ్వాడు,
తర్వాత ముఖం తుడుచుకున్నాడు.

సుద్దముక్క బిపుల్ చేతికే ఇచ్చారు.
రాయి.
వేళ్ళు వణికినా గుండ్రంగా రాశాడు:
రెండు.
ఎడమవైపు, ఒక అంకె పట్టేంత చోటు
మునెప్ప వేలితో కొలిచి వదిలించాడు.

నా గిన్నెలో ఇంకో మిరపకాయ మిగిలింది.
బిపుల్‌కి ఇచ్చాను.
కారానికి కళ్ళనీళ్ళు వచ్చాయని
వాడే చెప్పాడు, ఎవరూ అడక్కుండానే.