కౌంటు

కిలోకి ముప్పై తూగితే రేటు,
యాభై తూగితే బేరం,
డెబ్బై దాటితే మాట కూడా ఉండదు.
ఉండి దగ్గర షెడ్డులో పదకొండేళ్లుగా
నా చెయ్యి ఐసులోనే ఉంది.
చూడక్కర్లేదు. అరచేతిలో పడగానే తెలిసిపోద్ది
ఏ రొయ్య ఏ ట్రేలోకో.

నన్ను నేను కూడా అలాగే ఏరుకుంటాను.
పొద్దున్నే ఆటోలో, తొమ్మిది మంది మధ్య
ఒక వారకి ఒదిగి కూర్చుని
ఎవరి పక్కన నేనెంత కౌంటో లెక్కేసుకుంటాను.
నాగరత్నం కంటే చిన్న.
సుగుణ కంటే మరీ చిన్న.
కొత్తగా వచ్చిన ఒడిశా పిల్ల కంటే
కాస్త పెద్దేమో అనుకున్నాను,
ఆ పిల్ల ఫోనులో మూడు భాషలు మాట్లాడింది.

పేరు దీనమ్మ.
చదువు రాని మా నాన్నమ్మ
బైబిల్లోది విని పెట్టింది.
అయిదో తరగతిలో తెలుగు మాస్టారు
దీనుడు అంటే అర్థం బోర్డు మీద రాసి
నావైపు చూశారు.
క్లాసంతా నవ్వింది.
ఆ నవ్వుకిప్పుడు ముప్పై ఒక్క ఏళ్లు.
నా కూలి పెరిగినా పెరక్కపోయినా
అది మాత్రం ఏటా పెరుగుతూనే వచ్చింది.

ఎవరన్నా తిడితే
సంతకం పెట్టి తీసుకుంటాను.
మెచ్చుకుంటే
ఈ అడ్రసులో అలాంటివాళ్లు లేరని
తిప్పి పంపేస్తాను.

మొన్న గ్రేడింగు మిషను ఆగిపోయి
లారీ సరుకంతా చేత్తో ఏరాల్సొచ్చింది.
తెల్లారగట్ల మూడింటికి సూపర్వైజరు
నా ట్రేలు మళ్లీ తూచి
"ఒక్కటీ తప్పు పోలేదు దీనమ్మా" అన్నాడు.
"ఏదోలెండి, ఐసు బాగుంది" అన్నాను.

ఐసు బాగుండటమేంటి!
ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే
నాకే నవ్వొచ్చింది.
చెంబు కింద పెట్టేసరికి
నవ్వు లేదు.

ఆదివారం చర్చి బయట చెప్పులు వెతుక్కుంటుంటే
పాస్టరమ్మగారు, నేనడగలేదు, ఊరికే అన్నారు,
దీనా అంటే హీబ్రూలో తీర్పు అట.
"దీనంగా ఉండటం కాదాండీ?"
"కాదమ్మా" అని ఆటో ఎక్కేశారు.

అంత చిన్న మాట దేనికి చాలుద్ది?
ముప్పై ఒక్క ఏళ్లు యనమదుర్రు డ్రెయిను లాంటివి,
పైన ఒక చెంబు మంచినీళ్లు పోస్తే
అడుగుకి తెలియను కూడా తెలియదు.

సోమవారం ఒక సాఫ్టు రొయ్య చేతికొచ్చింది.
పాత పెంకు విడిచి
కొత్తది ఇంకా గట్టిపడనిది.
వేలు పెడితే దిగిపోద్ది.
సాఫ్టుకి సగం రేటు, వేరే ట్రే.
ఎన్ని వేలు అలా పక్కకి నెట్టానో!
ఒళ్లు పెరిగి, పెంకు చాలక విడిచినవి.
వల పడింది సరిగ్గా ఆ రాత్రే,
అంతే అవి చేసిన తప్పు.

రేటు మార్చడం నా చేతిలో లేదు.
దాన్నీ పక్క ట్రేలోనే వేశాను.
వేసేముందు మాత్రం
కాసేపు అరచేతిలో ఉంచుకున్నాను.

వరస ఆగిపోయింది.
"ఏమ్మే దీనా, నిద్రపోతున్నావా?" వెనకనించి సుగుణ.

లేదన్నాను.
తూస్తున్నానన్నాను.